బెజవాడ దగ్గర కృష్ణ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది విజయవాడలో కృష్ణలంక. ఇంటికొచ్చే చుట్టాలు, హైదరాబాద్ నుంచి దిగే స్నేహితులు, ఈమధ్య అమరావతిలో ఉద్యోగం వచ్చి ఈ చుట్టుపక్కల అద్దె ఇల్లు వెతుక్కునేవాళ్లు నది గురించి అడిగే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇవే. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను. నేను ఇంజనీర్ని కాను. మా తాతయ్య బందరు కాలువ మీద లస్కరుగా, అంటే కాలువ, గేట్లు చూసుకునే పనిలో చేశారు. కాబట్టి లాకులు, తూములు, గేట్ల మాటలు మా ఇంట్లో ఉప్పూ పప్పూ మాటల్లాగే ఉండేవి. మిగతాది ఒడ్డున పుట్టి పెరిగినందుకు తెలిసింది.

రాజధాని మధ్యలోంచి నది పారుతుందంటారు. అసలు అమరావతి ఏ ఒడ్డున, విజయవాడ ఏ ఒడ్డున?

నది పారే వైపు ముఖం పెట్టి నిలబడితే ఎడమచేతి వైపు విజయవాడ, కుడిచేతి వైపు తాడేపల్లి, ఉండవల్లి, ఆ వెనక అమరావతి. ఎడమ ఒడ్డు ఎన్టీఆర్ జిల్లా, కుడి ఒడ్డు గుంటూరు జిల్లా. లెక్క ప్రకారం రాజధాని నగరం మొత్తం కుడి ఒడ్డునే ఉంది. 217 చదరపు కిలోమీటర్లు. 2015 అక్టోబర్ 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. సెక్రటేరియట్ ఉన్న వెలగపూడి, హైకోర్టు ఉన్న నేలపాడు కూడా ఆ వైపే. కానీ రైలు దిగేది, బస్సెక్కేది, పెళ్లి బట్టలు కొనేది బెజవాడలో. రోజూ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరిగేవాళ్లకు నది మధ్యలో ఉన్నట్టే.

ఇంకో గందరగోళం కూడా ఉంది. అమరేశ్వరుడి గుడి, బౌద్ధ స్తూపం ఉన్న పాత అమరావతి ఊరు వేరు. అది శాతవాహనుల ధాన్యకటకం, ఇప్పటి ధరణికోట పక్కన, ప్రకాశం బ్యారేజీకి ఓ ముప్పై కిలోమీటర్ల ఎగువన ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక ఆ ఊరు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది. పేరేమో రాజధానికి వచ్చింది. క్యాబ్ బుక్ చేసేటప్పుడు జాగ్రత్త, సెక్రటేరియట్‌కి వెళ్లాల్సినవాళ్లు గుడి దగ్గర దిగిన సందర్భాలు ఉన్నాయి.

మరి గుంటూరు నది ఒడ్డున లేదా?

లేదు. గుంటూరు నగరం నదికి ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడికి కృష్ణ నీళ్లు కాలువలు, పైపుల్లో వెళ్తాయి. సీతానగరం దగ్గర మొదలై తాడేపల్లి, మంగళగిరి మీదుగా వెళ్లే "గుంటూరు ఛానెల్" అలాంటి కాలువే.

కృష్ణ ఎక్కడ పుట్టి ఎంత దూరం వస్తుంది?

మహారాష్ట్రలో మహాబలేశ్వర్ దగ్గర, పడమటి కనుమల్లో, సముద్రానికి 1,337 మీటర్ల ఎత్తున. అక్కడి నుంచి అరేబియా సముద్రం కూతవేటు దూరంలో ఉన్నట్టే, అయినా అటు దిగకుండా తూర్పుకు తిరిగి 1,400 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో కర్ణాటక, తెలంగాణ దాటుతుంది. భీమ, తుంగభద్ర, మూసీ కలుస్తాయి. మనకు బాగా దగ్గర్లో కలిసేది మున్నేరు. దీని గురించి కింద మళ్లీ చెబుతాను, ఎందుకంటే బెజవాడ వరదల్లో మున్నేరు వాటా చాలామందికి తెలియదు.

పరీవాహక ప్రాంతం 2.59 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే సతారాలో కురిసినా, బళ్లారిలో కురిసినా, హైదరాబాద్‌లో కురిసినా, ఆనకట్టలు ఆపుకోగా మిగిలిన ప్రతి చుక్కా చివరికి మా ఇంటి ముందు నుంచే పోవాలి.

నది ఇక్కడే ఎందుకు ఇరుకవుతుంది?

ఉత్తరాన ఇంద్రకీలాద్రి, దక్షిణాన సీతానగరం కొండ. రెండూ తూర్పు కనుమల చివరి తునకలు. ఎగువన లంకలతో కలిపి మూడు కిలోమీటర్ల వరకు విస్తరించే నది ఈ రెండు కొండల మధ్యకు వచ్చేసరికి కిలోమీటరు పైచిలుకుకు కుదించుకుపోతుంది. అడ్డంగా గోడ కట్టడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. అందుకే 1852–55లో ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో కెప్టెన్ ఛార్లెస్ ఓర్ తొలి ఆనకట్ట కట్టింది ఇక్కడే. దాని తర్వాత వచ్చిన బ్యారేజీ కూడా ఇక్కడే.

కొండ అడ్డుపడితే కృష్ణమ్మ బెజ్జం చేసుకుని పోయిందని, అందుకే "బెజ్జంవాడ", అది కాస్తా బెజవాడ అయిందని మా నాయనమ్మ చెప్పేది. పేరు ఎలా వచ్చిందన్నది భాషావాళ్లు తేల్చుకోవాలి. ఊరి పేరు మాత్రం పాతదే, యుద్ధమల్లుడి బెజవాడ శాసనం వెయ్యేళ్లు దాటింది. కానీ బ్యారేజీ మీద నిలబడి ఇటూ అటూ చూస్తే ఆ కథ ఎందుకు పుట్టిందో ఎవరూ చెప్పక్కర్లేదు. నిజంగానే ఒకే కొండను మధ్యలో కోసినట్టు ఉంటుంది.

ఈ గుమ్మం దాటాక నది స్వభావమే మారిపోతుంది. పైన కొండలు, బండలు. కింద సముద్రం దాకా చెయ్యి తిప్పినంత మేర బల్లపరుపు. బ్యారేజీ నిండుగా ఉన్నప్పుడు నీటిమట్టం సముద్ర మట్టానికి 57 అడుగులు. అక్కడి నుంచి సముద్రానికి ఎనభై, తొంభై కిలోమీటర్ల పైనే. లెక్క వేసుకోండి, కిలోమీటరుకు జానెడు దిగుడు కూడా ఉండదు. ఆ జానెడు వాలు మీదే మొత్తం డెల్టా బతుకుతోంది. తాతయ్య మాటల్లో చెప్పాలంటే "నీళ్లకి దారి చూపించాలిగానీ తోయకూడదు".

ప్రకాశం బ్యారేజీ డ్యామ్ కాదా? తేడా ఏమిటి?

కాదు. అందరికంటే ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువ అపార్థాలు వచ్చేదీ ఇక్కడే. వరద వచ్చినప్పుడల్లా టీవీ చూసి ఫోన్ చేస్తారు, "ముందే నీళ్లు కిందికి వదిలేసి ఖాళీ పెట్టుకోవచ్చు కదా" అని.

డ్యామ్ నీళ్లు దాచుకుంటుంది. నాగార్జునసాగర్‌ది 312 టీఎంసీలు (టీఎంసీ అంటే ఎంతో కింద చెబుతాను). మనకు 85 కిలోమీటర్ల ఎగువన ఉన్న పులిచింతల 45.77 టీఎంసీలు. ప్రకాశం బ్యారేజీది? 3.07 టీఎంసీలు. అంతే. దీని పని నీళ్లు దాచడం కాదు, నీటిమట్టాన్ని 12 అడుగులు పైకి లేపి కాలువల్లోకి ఎక్కించడం. పొలంలో బోదెకు అడ్డంగా మట్టిపెళ్ల వేసి నీళ్లు పక్క మడిలోకి తిప్పుతారు చూడండి, అదే పని ఇక్కడ 1,223 మీటర్ల పొడవున జరుగుతోంది.

పాత ఆనకట్ట వందేళ్ల తర్వాత 1952లో తెగింది. దాని స్థానంలో 1954లో మొదలుపెట్టి 1957కల్లా బ్యారేజీ పూర్తిచేశారు. అదే ఏడాది మే నెలలో కన్నుమూసిన టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 70 గేట్లు, ఒక్కోటి 40 అడుగుల వెడల్పు. పైన రోడ్డు. ఆ రోడ్డు మీద నడుస్తూ పైకి చూస్తే గేటుకు అటూ ఇటూ కాంక్రీటు దిమ్మెలు వేలాడుతుంటాయి. వాటిని కౌంటర్ వెయిట్ అంటారు. గేటు పైకి లేస్తుంటే దిమ్మె కిందికి దిగుతుంది, బావి గిలకకు రెండు వైపులా రెండు బక్కెట్లు కట్టినట్టు. అందుకే అంత బరువైన ఇనుప గేటు అంత సులువుగా లేస్తుంది. 2024 సెప్టెంబర్ వరదలో ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ ఇనుప పడవలు 67, 69 నంబర్ల గేట్ల దగ్గర గుద్దుకుని పగలగొట్టింది ఈ దిమ్మెలనే. గేట్లు నిలిచాయి. పడవలను మాత్రం బయటికి లాగడానికి రోజుల తరబడి తిప్పలు పడ్డారు. ఊరంతా వెళ్లి చూసొచ్చింది, నేనూ వెళ్లాను.

"ఎన్ని లక్షలు వదిలారంట?" అని మీ వీధిలో అడుగుతుంటారు. డబ్బులా?

క్యూసెక్కులు. వరద రోజుల్లో కృష్ణలంకలో "లక్ష" అంటే రూపాయి గుర్తుకురాదు. టీ కొట్టు దగ్గర "పొద్దున నాలుగుంది, ఇప్పుడు ఐదున్నర అంట" అంటే అందరికీ అర్థమవుతుంది.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, 28 లీటర్ల పైచిలుకు. రెండు బిందెలనుకోండి. ఒక క్యూసెక్కు ధార ఆగకుండా పారితే అది ప్రవాహం లెక్క. నిల్వ ఉన్నదాన్ని టీఎంసీల్లో చెబుతారు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2,831 కోట్ల లీటర్లు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే పేపర్లో వరద వార్తలన్నీ అర్థమవుతాయి.

ఇప్పుడు "ముందే ఖాళీ పెట్టుకోవచ్చు కదా" అన్న ప్రశ్నకు జవాబు చూడండి. 2024 సెప్టెంబర్ 2న బ్యారేజీ దాటింది 11.43 లక్షల క్యూసెక్కులు. రికార్డుల్లో ఇదే ఎక్కువ. అంతకుముందు 2009 అక్టోబర్‌లో 11.10 లక్షలు వచ్చింది. 11.43 లక్షలంటే రోజుకు దాదాపు 99 టీఎంసీలు. ఆ ఊపులో వస్తే ఖాళీ బ్యారేజీ నిండటానికి ముప్పావుగంట చాలు. పులిచింతల అడుగు నుంచి అంచు దాకా నిండటానికి కూడా పదకొండు గంటలే. ముందే ఖాళీ పెట్టుకున్నా మనకు దక్కేది ముప్పావుగంట. అందుకే అలాంటి రోజు గేట్లన్నీ ఎత్తేసి దారి వదలడం తప్ప ఇంకో మార్గం లేదు.

ప్రవాహం నాలుగు లక్షలకు దగ్గరపడితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.7 లక్షల దగ్గర రెండోది ఇస్తారు. మా నాన్నకు ఇవేవీ అక్కర్లేదు. పద్మావతి ఘాట్‌కి వెళ్లి ఇంకా ఎన్ని మెట్లు పైకి కనిపిస్తున్నాయో చూసొచ్చేవాడు. మెట్లు అయిపోతే బీరువా కింద ఇటుకలు పెట్టేవాళ్లం.

2024లో విజయవాడను ముంచింది కృష్ణేనా?

కాదు, బుడమేరు. రికార్డు వరద కృష్ణకు వచ్చింది, మునిగింది మాత్రం బుడమేరు వైపు. ఇది తేలిగ్గా నమ్మరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టే వాగు. ఎండాకాలం చూస్తే మురుగు కాలువ అనుకుంటారు. అది కృష్ణలో కలవదు. విజయవాడ ఉత్తరపు అంచున సింగ్‌నగర్, పాయకాపురం మీదుగా తూర్పుకు పోయి, ఎనికేపాడు దగ్గర ఏలూరు కాలువ కిందుగా దూరి, కొల్లేరులో పడుతుంది. వానాకాలం ఊరిని ముంచుతోందని వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, అక్కడి నుంచి ఒక మళ్లింపు కాలువ తవ్వి, వరదను ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలోకి తిప్పారు.

కాగితం మీద బాగుంది. చిక్కు ఎక్కడొస్తుందంటే, బుడమేరు పొంగే రోజునే కృష్ణ కూడా పొంగితే మళ్లింపు కాలువ నీళ్లు నదిలోకి దిగవు. సింకు నిండుగా ఉంటే అందులోకి ఇంకో పైపు నీళ్లు ఎలా పోతాయి? ఎదురు తన్నుతాయి. 2024 ఆగస్ట్ 31, సెప్టెంబర్ 1 తేదీల్లో జరిగింది అదే. కుండపోత వాన. మళ్లింపు కాలువ గట్టుకు మూడు గండ్లు పడ్డాయి. నీళ్లు పాత దారి పట్టి ఆదివారం పొద్దునకల్లా సింగ్‌నగర్ మీద పడ్డాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

మా పిన్ని వాళ్లిల్లు సింగ్‌నగర్‌లో. 2009 అక్టోబర్‌లో కృష్ణ పొంగి మా వీధిలోకి నీళ్లొస్తే మేం గ్యాస్ సిలిండర్, సర్టిఫికెట్ల ఫైలు, అమ్మ కుట్టు మిషను తల వేసుకుని పిన్ని వాళ్లింటికే పోయాం. వారం ఉన్నాం. "నది ఒడ్డున ఎందుకురా బావా, ఇటొచ్చేయండి, ఇక్కడ ఏ భయమూ లేదు" అని బాబాయి నాన్నతో అనేవాడు. 2024లో బాబాయి వాళ్లు మూడో రోజు పడవలో బయటపడి మా ఇంటికి వచ్చారు. నది పక్కనే ఉన్న మా ఇంట్లో చుక్క నీరు లేదు. నాన్న ఏమీ అనలేదు, లుంగీ తీసిచ్చాడు.

మా ఇల్లు ఎందుకు మునగలేదంటే రిటైనింగ్ వాల్ వల్ల. పద్మావతి ఘాట్ నుంచి యనమలకుదురు దాకా దశలవారీగా కట్టిన గోడ. 11 లక్షలు పోతుంటే గోడ అవతల నీళ్లు మా కిటికీ ఎత్తులో ఉన్నాయి. ఇవతల మేం ఇడ్లీ తింటున్నాం. గోడ ఎవరి హయాంలో ఎంత కట్టారన్నది ఎన్నికలప్పుడు పెద్ద వాదన. మా వీధిలో ఆ వాదనకు ఇప్పటికీ టీలు ఖర్చవుతూనే ఉంటాయి.

ఇల్లు కొనేవాళ్లకు, అద్దెకు దిగేవాళ్లకు ఒక్క మాట. "నదికి ఎంత దూరం" అని అడగకండి. "2024లో ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి" అని అడగండి. ఓనర్ని కాదు, పక్కింటివాళ్లని.

కృష్ణ వరద అంటే శ్రీశైలం, సాగర్ గేట్లు ఎత్తడమే కదా? ముందే తెలుస్తుందిగా?

అన్నిసార్లూ కాదు. 2009 వరద ఎక్కువగా పైనుంచి దిగినదే. శ్రీశైలానికి కనీవినీ ఎరగనంత వరద వచ్చింది, కర్నూలు మునిగింది. అక్కడి నుంచి నీళ్లు మన దగ్గరికి చేరేలోపు సర్దుకోవడానికి టైమ్ దొరికింది. 2024లో సాగర్ నుంచి వచ్చినదానికి మున్నేరు, వైరా, కట్టలేరు లాంటి దగ్గరి ఏర్లు తోడయ్యాయి. వీటిలో చాలావాటికి మధ్యలో ఆపే పెద్ద ఆనకట్ట ఏదీ లేదు. ఖమ్మం వైపు రాత్రి వాన పడితే తెల్లారి మన ఎగువన నదిలో కలుస్తుంది. సాగర్ గేట్ల వార్త ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకూడదు, మున్నేరు సంగతి కూడా కనుక్కోవాలి.

రాజధాని ఒడ్డున కట్టారు కదా, అది మునగదా?

కుడి ఒడ్డున కరకట్ట ఉంది. నదికీ ఊళ్లకీ మధ్య ఎత్తైన మట్టికట్ట, దానిమీదే రోడ్డు. కరకట్టకు నది వైపున కట్టుకున్నవి మునుగుతాయి, అందులో వింతేమీ లేదు. అది నది చోటు. కట్టకు ఇవతల ఉన్నవాటికి నదికంటే కొండవీటి వాగుతోనే ఎక్కువ తలనొప్పి. కొండవీడు వైపు నుంచి వచ్చి అమరావతి పొలాల మీదుగా ఉండవల్లి దగ్గరికి చేరే వాగు ఇది. దీనిదీ బుడమేరు చిక్కే. నది నిండుగా ఉంటే వాగు నీళ్లు దానంతట అవి దిగవు. అందుకే ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు తోడి నదిలో పోసే పంపులు పెట్టారు, 2018 నుంచి పనిచేస్తున్నాయి. రాజధాని పెరిగేకొద్దీ పొలాలు తాగే వాన నీళ్లు రోడ్ల మీద నిలుస్తాయి. ఈ పంపులు ఒక్కటే చాలవని నా ఉద్దేశం, ఇంకా చెరువులు, వెడల్పు కాలువలు కావాలి.

నదిని ఆనుకున్న పెనుమాక, ఉండవల్లి, వెంకటపాలెం, రాయపూడి నేలల్ని అక్కడి రైతులు "జరీబు" అంటారు. నది తెచ్చిన ఒండ్రు నేల, చేతికందే లోతులో నీళ్లు, ఏడాది పొడవునా ఏదో ఒక పంట. లోపలికి పోతే మెట్ట. రాజధాని కోసం భూసమీకరణ జరిగిన రోజుల్లో జరీబుకు, మెట్టకు వేర్వేరు లెక్క కట్టింది అందుకే.

కృష్ణమ్మ అమ్మవారి ముక్కుపుడకను తాకుతుందంటారు. నిజంగా తాకుతుందా?

నవ్వకండి, వరద వచ్చిన ప్రతి ఏడూ కనీసం పదిమంది అడుగుతారు. కాలజ్ఞానంలో ఉందని చెప్పుకుంటారు. నమ్మకం సంగతి నమ్మేవాళ్లది. నేల వాలు సంగతి నేను చెప్పగలను. దుర్గమ్మ గుడి ఇంద్రకీలాద్రి కొండ మీద ఉంది. దిగువన సముద్రం దాకా బల్లపరుపు. నీళ్లు అంత ఎత్తుకు లేవాలంటే దానికంటే ముందు రెండు వైపులా గట్లు దాటి డెల్టా అంతా పరుచుకోవాలి. పళ్లెంలో నీళ్లు పోస్తూ ఎత్తు పెంచలేం కదా. దసరాకు దుర్గా ఘాట్‌లో హంసవాహనం మీద అమ్మవారి తెప్పోత్సవం చేస్తారు. వరద ఎక్కువున్న ఏడు విహారం ఆపేసి ఒడ్డునే పూజ చేస్తారు. నదీ అమ్మవారూ దగ్గరగా చూసుకునేది ఆ రోజే.

బెజవాడలో కనిపించే కాలువలన్నీ నదిలోవేనా?

అవును. ఎడమ ఒడ్డున బ్యారేజీ పక్కనుంచి బయల్దేరి ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ ఊరి మధ్యలోంచి పోతాయి. కుడి ఒడ్డున సీతానగరం నుంచి పశ్చిమ ప్రధాన కాలువ దుగ్గిరాల లాకుల దాకా పోయి అక్కడ చీలుతుంది. అన్నీ కలిపి సుమారు 13 లక్షల ఎకరాలకు నీళ్లిస్తాయి. రోడ్లు, రైళ్లు రాకముందు ఇవే హైవేలు. ఏలూరు కాలువలో పడవెక్కితే గోదావరి కాలువలు పట్టుకుని కాకినాడ దాకా, కుడి ఒడ్డు వైపు కొమ్మమూరు కాలువలో ఎక్కితే బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోగలిగేవాళ్లు. తాతయ్య చిన్నప్పుడు లాకుల దగ్గర బియ్యం పడవలు వరసకట్టి నిలబడేవట. ఇప్పుడు గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు నిలబడుతున్నాయి.

కృష్ణ, గోదావరి కలుస్తాయా?

ప్రకృతిలో కలవవు. మనిషి కలిపాడు. 2015 నుంచి పట్టిసీమ పంపులు గోదావరి నీళ్లను తోడి పోలవరం కుడి కాలువలో పోస్తే, అవి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణలో పడుతున్నాయి. ఆ చోటికి పవిత్ర సంగమం అని పేరు పెట్టారు. జూన్, జులైలో పైన డ్యాములు నిండకముందు డెల్టా నారుమళ్లకు అందేవి చాలావరకు గోదావరి నీళ్లే. దివిసీమ రైతు వరి కృష్ణ కాలువ కింద పండుతుంది, తాగేది గోదావరి. కుళాయి తిప్పినప్పుడు మనమూ అంతే.

ఎండాకాలం బ్యారేజీ కింద ఇసుకే కనిపిస్తుంది. నది చచ్చిపోయిందా?

పైన నీళ్లు, కింద ఇసుక. ఏప్రిల్‌లో రైల్లో వంతెన దాటేవాళ్లకు ఇది చూసి దిగులేస్తుంది. ఎగువన మూడు రాష్ట్రాలు వాటాలేసుకుని వాడుకుంటాయి. కృష్ణ నీళ్లను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది 811 టీఎంసీలు. విడిపోయాక ఆంధ్రకు 512, తెలంగాణకు 299గా తాత్కాలికంగా పంచుకున్నారు. ఆ తగువు ఇంకా నడుస్తూనే ఉంది. బ్యారేజీ దాకా వచ్చినవి తాగునీటికి, కాలువలకు, ఇబ్రహీంపట్నం థర్మల్ ప్లాంటుకు పోతాయి. గేటు కిందికి వదలడానికి మిగలదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. వరదల్లో పేపర్లు "ఇన్ని టీఎంసీలు సముద్రం పాలు" అని రాస్తాయి. నాకు ఆ మాట నచ్చదు. నది సముద్రంలో కలవడం దుబారా ఎలా అవుతుంది? కింద మడ అడవులున్నాయి, ఉప్పునీరు పైకి ఎగదన్నకుండా ఆపేది నది నీరే. పైన డ్యాముల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టా అంచును సముద్రం కోసుకుంటోంది. నాగాయలంక వైపు పెద్దవాళ్లను అడిగితే ఒకప్పుడు ఒడ్డు ఎక్కడ ఉండేదో వేలు పెట్టి చూపిస్తారు.

నది సముద్రంలో ఎక్కడ కలుస్తుంది? చూడొచ్చా?

అవనిగడ్డ దగ్గర పులిగడ్డ వద్ద చీలుతుంది. పాయల మధ్య ఉన్నదే దివిసీమ, 1977 నవంబర్ 19 ఉప్పెన వేలమందిని పొట్టనపెట్టుకున్న నేల. జనం సంగమం చూడ్డానికి వెళ్లేది హంసలదీవి. మాఘమాసంలో స్నానాలకు బాగా వెళ్తారు. దారిలో తోట్లవల్లూరు లంకల్లో పసుపు, కంద, అరటి తోటలు చూస్తూ పొండి. నదీపాయల మధ్య దిబ్బల్ని లంక అంటారు, మా కృష్ణలంకకు ఆ పేరు వచ్చిందీ అందుకే. ఇల్లు ఎక్కడ కట్టుకున్నామో పేరులోనే ఉంది.

భవానీ ఐలాండ్?

133 ఎకరాలు, బ్యారేజీకి ఎగువన. బోటులో వెళ్లొచ్చు. పెద్ద వరద వస్తే మునుగుతుంది, మళ్లీ బాగుచేస్తారు. లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కకండి.

పుష్కరాలు మళ్లీ ఎప్పుడు?

గురుడు కన్యారాశిలోకి వచ్చినప్పుడు. కిందటివి 2016 ఆగస్టులో, మళ్లీ 2028లో.

ఘాట్‌లో ఈత కొట్టొచ్చా?

మెట్ల మీద మునక వేసి రండి. లోపలికి వద్దు. ఇసుక తోడిన గోతులు పైకి కనిపించవు. మోకాలి లోతు అనుకుని ఒక్క అడుగు వేస్తే నిలువు లోతు ఉంటుంది. బ్యారేజీ కింద ఇంకా ప్రమాదం, గేటు ఎత్తితే నిమిషాల్లో నీరు పెరుగుతుంది. సైరన్ వింటే చెప్పులు కూడా చూసుకోకుండా పైకొచ్చేయండి.

ఎప్పుడొస్తే నిండు కృష్ణ కనిపిస్తుంది?

ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ మొదటి వారాల మధ్య. బ్యారేజీ మీద సాయంత్రం జనం విపరీతంగా ఉంటారు, పోలీసులు ఒక్కోసారి బండ్లు ఆపేస్తారు. తెల్లవారుజామున ఐదింటికి రండి. గేట్ల కింద నీళ్ల హోరు పాదాల్లోకి తెలుస్తుంది, తుంపర మొహాన కొడుతుంది, పక్కనున్న మనిషి మాట వినపడదు.

కృష్ణలంకలో మీ ఇంట్లోంచి నది కనిపిస్తుందా?

ఒకప్పుడు వీధి అరుగు మీద కూర్చుంటే కనిపించేది. గోడ వచ్చాక డాబా ఎక్కాలి. నాన్నకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేడు. అందుకని వరద రోజుల్లో మా తమ్ముడు పైకెక్కి ఫోన్లో వీడియో తీసుకొచ్చి చూపిస్తాడు. నాన్న వీడియో ఆపి, వేళ్లతో పెద్దది చేసి, ఘాట్ మెట్లు లెక్కపెట్టుకుంటాడు.